ఉసురుచేను మన్ను

"ఆపు మాదన్నా! ఇంగో దెబ్బ ఎయ్యొద్దు!"

సంధ్య పిండి చేతులతో వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికే గడ్డపార ఒకసారి దిగనే దిగింది. దిమ్మిసతో కొట్టి, పేడతో అలికి నున్నగా చేసుకున్న ఎర్రమట్టి నేల, నేసేవాళ్ళు కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంత అంచున పగిలింది. పిడికిలంత పెడ్డ ఒకటి దొర్లుకుంటూ పోయి గుంతలో పడింది.

మాదన్న రెండో దెబ్బకెత్తిన గడ్డపారను గాల్లోనే ఆపి దిక్కులు చూశాడు. తవ్వమని పిలిపించింది అత్త. ఆపమంటున్నది కోడలు. పొద్దున్నే లేచి ఎవరి మొహం చూశానురా దేవుడా అన్నట్టు నిలబడ్డాడు పాపం.

"నువ్ తవ్వు మాదన్నా, దాని మాట ఇనేదేంది?" అంది భీమక్క గడపలోంచి. "మాపటికి ఈ గదిలో ఆ మన్ను పిడికెడు గూడ మిగలగూడదు."

"అత్తా, మగ్గం మీద పడుగు ఉండాది. చీర సగం గూడ కాలేదు. నేల తవ్వితే మగ్గమే పీకల్ల గదా!"

"పీకుదాం. సీర పోతే ఇంగోటి నేసుకుంటాం. మీ మామ పోతే ఇంగో మామను తెచ్చిస్తావా?"

సంధ్య వసారా వైపు చూసింది. అక్కడ మంచం మీద మామ శంకరన్న గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోవడం లేదని, ప్రతి మాటా వింటున్నాడని ఆయన వీపు చూస్తేనే తెలుస్తోంది.

ఉగాదికి ఈ కొత్తింట్లో చేరారు. ఎమ్మిగనూరు పాతపేటలో అద్దె గదుల్లో నేసి నేసి, చివరికి ఊరి చివర రేగడి నేలలో ఇంత చోటు సంపాదించి కట్టుకున్న ఇల్లు. రేగడిలో మగ్గం గుంత తవ్వితే వానకు ఊరుతుంది, ఎండకు బీటలు వారుతుంది. అందుకని ఆ గదిలో నల్లమన్ను తీసేసి ఎర్రమన్ను నింపించారు. మన్నుకు వెతుక్కోనక్కర్లేకుండా సంధ్య నాయన నరసప్పే తుగ్గలి పక్కనున్న తమ బీడు చేనులోంచి ట్రాక్టర్లు తోలించాడు. వియ్యంకుడంటే అలా ఉండాలని అప్పుడు భీమక్కే వీధంతా చెప్పుకుంది.

చేరి నెల తిరగలేదు, శంకరన్నకు కాళ్ళు తిమ్మిర్లు మొదలయ్యాయి. మగ్గంలో కూర్చుని లేస్తే మోకాళ్ళ కింద కాళ్ళున్నట్టే తెలిసేది కాదు. ఒకరోజు లేవబోయి పడుగు మీదికే తూలిపడ్డాడు. అదే వారం మగ్గం గది గోడ పై నుంచి కింది దాకా చీలింది. ఆదోనిలో డాక్టరు చూసి జబ్బేమీ లేదన్నాడు. జబ్బు లేదంటే భీమక్కకు ఇంకా భయమేసింది.

నిన్న అదే ఆదోని నుంచి భూశక్తి శివశంకర్ వచ్చాడు. ఒకప్పుడు బోర్లకు నీళ్ళ జాడ చూపించేవాడు. బోర్లన్నీ ఎండిపోయాక ఇళ్ళ కింద చెడ్డ శక్తుల జాడ చూపించే పనిలోకి దిగాడు. రెండు రాగి కడ్డీలు పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. మగ్గం గదిలోకి రాగానే కడ్డీలు రెండూ ఒకదాన్నొకటి దాటుకున్నాయి.

"ఈ మన్ను ఇక్కడిది కాదు. ఎక్కడిది?" అని అడిగాడు.

తుగ్గలి దగ్గరి చేను అని సంధ్య మొగుడు వీరేష్ అమాయకంగా చెప్పాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న పక్కింటి ఉరుకుందమ్మ గుండెలు బాదుకుంది. ఆమె అక్కను ఆ పక్క ఊరికే ఇచ్చారు.

"అయ్యో భీమక్కా! ఉసురుచేను మన్నా? కడుపుతో ఉన్న ఆడమనిషిని నేల మింగిన సేను గదే అది! ఆడ కాలు పెడితే కాళ్ళు పడిపోతాయని ఊరూరా సెప్పుకుంటారు!"

అంతే. అప్పటినుంచి ఈ ఇంట్లో పొయ్యి మీద ఎసరు కాగినా, మనుషులెవరూ సరిగ్గా ముద్ద మింగలేదు.

"మాదన్నా, రవంత సేపు బయట కూసో," అన్నాడు వీరేష్ ఆఖరికి. అదీ పెళ్ళాం వైపు చూడకుండా, తల్లి వైపు చూడకుండా, గడపకు చెప్పినట్టు చెప్పాడు.

భీమక్క కొడుకును ఎగాదిగా చూసింది. "కూసోనీ. ఎట్లన్నా మద్దేనం ఆ శివశంకర్ వస్తాడు, రాగి మేకులు దిగ్గొట్టేకి. అంతలోపల మన్ను తీయల్ల." తర్వాత గొంతు తగ్గించి కోడలితో అంది. "మన్ను తీసినంక నువ్వు గూడ కొన్నాళ్ళు మీ ఊర్లో ఉండు సంధ్యా. మీ మామకు నయమైనంక పిలిపిస్తాం."

కొన్నాళ్ళు. తిట్టినా బాగుండేది. ఆ మెత్తటి మాటే సంధ్యను భయపెట్టింది. అప్పుడు చూసింది, బీరువా పక్కన ఆకుపచ్చ సంచి. ఆమె చీరలు అందులో మడతలు పెట్టి సర్దేసి ఉన్నాయి. మన్నుతో పాటే తననూ ఈ ఇంట్లోంచి ఎత్తిపోస్తారని ఆమెకు అర్థమైపోయింది.

వంటింట్లోకి వచ్చి పిండి ముందు కూలబడింది. వీరేష్ వెనకాలే వచ్చి గోడకు ఆనుకున్నాడు.

"నువ్వొక మాట అనొచ్చు గదా," అంది సంధ్య.

అతను గోడ మీది సున్నం గోటితో గీకుతున్నాడు.

"నోట్లో నాలుక లేదా నీకు? మీ అమ్మ నా సీరలు సర్దింది. సూసినావా?"

"సూసినా."

"సూసి?"

"నాయనకు ఏమన్నా అయితే ఏం సేద్దామే?" అన్నాడు వీరేష్. "ఆయన పడిపోతాంటే పట్టుకున్నది నేను. కాళ్ళు చల్లగా ఉండినాయి. ఆ మన్ను మంచిదేనని నువ్వన్నా ఒట్టేసి సెప్పు. నేను మా అమ్మతో కొట్లాడతా."

సంధ్య ఒట్టు వేయలేకపోయింది.

అదే ఆమె బాధ. ఉసురుచేను కథ ఉరుకుందమ్మ కంటే ఆమెకే బాగా తెలుసు. చిన్నప్పుడు బడికి పోయేటప్పుడు ఆ చేను పక్కన నడవకుండా చుట్టు తిరిగి పోయేది. ఇంట్లో ఎవరూ ఆ చేనులో నాగలి పెట్టేవారు కాదు. విత్తని చేనులో మన్ను తీస్తే నష్టమేముందని నాయన అనుకున్నాడు. ట్రాక్టర్లు వచ్చాకగానీ అది ఏ మన్నో ఆమెకు తెలియలేదు. తెలిశాక నోరెత్తడానికి ధైర్యం చాలలేదు. ఇప్పుడు మామ వీపు చూస్తుంటే, నా పుట్టింటి మన్నే ఈయన్ను తింటోందేమోనని ఆమెకూ లోలోపల గుబులుగానే ఉంది.

"పొద్దున మా నాయనకు ఫోన్ చేసినా," అంది చివరికి. "అవ్వ లాక్కునింది ఫోన్. అంతా ఇని, నేనే వస్తాండా అని పెట్టేసింది."

"అవ్వొచ్చి ఏం సేస్తాది?"

"ఏమో. ఏమీ సేయకపోయినా నా సంచి మోసుకోనన్నా పోతాది గదా."

ఆ మాటకు ఇద్దరికీ నవ్వు రావాల్సింది. రాలేదు.

మధ్యాహ్నం ఇంటి ముందు ఆటో ఆగింది. అందులోంచి ముందు శివశంకర్ దిగాడు, భుజాన సంచి, సంచిలో కడ్డీలు. అతని వెనకాల ఒక వేరుశనగ బుడ్డల మూట దిగింది. మూట వెనకాల సంధ్య అవ్వ, నరసప్ప తల్లి రంగమ్మ దిగింది. పత్తికొండలో ఒక బస్సు, ఆదోనిలో ఒక బస్సు మారి వచ్చిన మనిషి. ఎమ్మిగనూరు బస్టాండులో ఆటో కోసం చూస్తుంటే ఇతనూ ఇదే వీధి పేరు చెప్పాడట.

సంధ్య పరుగున పోయి అవ్వ చేయి పట్టుకుంది. పట్టుకోగానే ఏడుపొచ్చేసింది.

"ఏడుస్తావేంటికి పాపా? మూట పట్టుకో, పచ్చి బుడ్డలు. ఉడకేసుకుంటే బాగుంటాయి," అంది రంగమ్మ. శంకరన్న మంచం దగ్గర ఆగింది. "ఏం అల్లుడా, బాగుండావా?"

"యాడ బాగు అత్తా," అన్నాడు శంకరన్న లేచి కూర్చుంటూ.

భీమక్క మర్యాద తప్పలేదు. నీళ్ళిచ్చింది, చాప వేసింది. కానీ చెప్పాల్సింది చెప్పేసింది.

"నీ మీద కోపం లేదు పెద్దమ్మా. నరసప్పన్న మంచికే ఇచ్చినాడు. కానీ ఆ మన్ను మాకొద్దు. తీయిస్తాండాం. సంధ్యను గూడ నీతో తోలిస్తా, కొన్నాళ్ళు."

"తోలిద్దువులే. సామాన్లు గూడ సర్దినావా?"

"సర్దినా."

"బో పనిమంతురాలివి," అంది రంగమ్మ కోపం లేకుండా. శివశంకర్ వైపు తిరిగింది. "పోయే ముందర ఒక్కటి. ఈ నాయన ఆటోలో నాకు ఆ సేను కత సెప్పుకుంటా వచ్చినాడు. బో బాగుండాది. అందరూ ఇనేట్ల ఇంగోసారి సెప్పప్పా."

ఈమె ఎవరో శివశంకర్‌కు ఇప్పుడు కొంచెం అర్థమైంది. అయినా తడబడలేదు. అతను దొంగ కాదు. తన కడ్డీల మీద అతనికి నిజంగానే నమ్మకం. మగ్గం గది గడపలో నిలబడి కళ్ళు మూసుకున్నాడు.

"ఆ భూమిలో నెగటివ్ శక్తి ఉంది. ఒక గర్భవతి ఉసురు. నేల రెండుగా చీలి ఆమెను తీసుకుంది. నాకు కనబడతా ఉంది. ఎర్రచీర కట్టుకుంది."

"ఎర్రదా?" అంది రంగమ్మ. "పచ్చది గదా?"

శివశంకర్ కళ్ళు తెరవకుండానే ఆలోచించాడు. "పచ్చదే. నెత్తురుతో ఎర్రగా కనబడింది."

"ఔనా. సేతికి గాజులు?"

"నల్లగాజులు. పగిలిపోయినాయి."

"అది సరిగ్గా సెప్పినావు. నల్లవే. మల్ల ఆయమ్మ పేరేం పేరప్పా?"

కడ్డీలు కొంచెం కదిలాయి. "లక్ష్మి అనో... లచ్చమ్మ అనో... పేరు లకారంతో వస్తా ఉంది."

"అట్లనా," అంది రంగమ్మ. "పేరు నేను ఇంగా పెట్టలే."

ఉరుకుందమ్మ ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది.

"పేరు పెట్టేదేంది పెద్దమ్మా?" అని అడిగింది భీమక్క.

"ఆయమ్మను పుట్టించింది నేనే భీమక్కా. పచ్చసీర కట్టించింది నేనే, నల్లగాజులు ఏసింది నేనే. నా సేతి గాజులే పగలగొట్టి ఆ సేన్లో పూడ్సినా. పేరు పెట్టే తీరిక లేకపోయింది, బుడ్డలు ఇత్తేది ఉండింది."

సంధ్య అవ్వ మొహంలోకి చూసింది. అవ్వ తమాషాకు అనడం లేదు.

"తొలకరి పడితే మా పక్క ఏం జరుగుతాదో మీకెరికే గదా," అంది రంగమ్మ చాప మీద కాళ్ళు చాపుకుంటూ. "వజ్రాలు దొరుకుతాయని యాడెక్కడి జనమో వస్తారు. నేల మీద వంగి ఒక్కో రాయీ ఏరుకుంటా పోతారు. ఒకరికి దొరికిందంటే ఇంగ నూరుమంది ఆ సేన్లోకే. ఇత్తనం ఏసినామా, మొలకొచ్చిందా, వాళ్ళకేం పట్టదు. మా ఆయన అప్పటికే పోయినాడు. నరసప్ప ఇంత పిల్లోడు. ఇత్తిన సేనంతా తొక్కి పోతాంటే కాళ్ళు పట్టుకున్నా. నా మీద నవ్వి ఏరుకున్నారు. కట్టె తీసుకుంటే కట్టె లాక్కున్నారు. ఆ పొద్దు గట్టు మీద కూసోని ఏడ్సినా చూడు, ఇప్పటికీ తలచుకుంటే గొంతు పట్టుకుంటాది."

సంధ్య నీళ్ళ చెంబు అందించింది.

"మర్సటేడు వాన పడే ముందర బస్సు కాడ ఒకామెకు ఈ కత సెప్పినా. ఒక్కామెకే. ఇంగ నేను మల్ల సెప్పే పనే లేకపోయింది. వారం తిరిగేలోపల అదే కత నాకే వచ్చి సెప్పినారు, సేన్లో మాపటేళ ఏడుపు ఇనబడతాదంట అని. ఆ ఏడుపు నేను పెట్టలేదమ్మా. ఎవరో కలిపినారు."

"మరి మీరెవరూ ఆ చేన్లో సేద్యం చేయలేదు గదా అవ్వా?" అంది సంధ్య. "నేను చిన్నప్పుడు ఆ చేను పక్కన పోయేకే భయపడేదాన్ని. నాకెందుకు సెప్పలే?"

"మీ నాయనకు సెప్పినా. ఒకసారి గాదు. 'నన్ను ఆ సేన్లో సేద్యానికి దింపేకి అబద్ధం సెప్తాండావు' అన్నాడు. కూలోళ్ళకు సెప్పినా. ముసలామెకు మతి పోయిందన్నారు. అబద్ధం ఒక్కసారి సెప్తే ఊరంతా నమ్మింది పాపా. నిజం ఎన్నిసార్లు సెప్పినా ఒక్కరూ నమ్మలే. వజ్రాలోళ్ళ నుంచి సేను కాపాడుకుంటినని మురిసినా. ఆకరికి ఆ సేను మాకే కాకుండా పాయ."

శంకరన్న మంచం మీంచి ముందుకు వంగాడు. భీమక్క మాత్రం ఇంకా చేతులు కట్టుకునే ఉంది. నమ్మాలని ఉంది ఆమెకు. నమ్మితే మొగుడి ప్రాణం మీదికి వస్తుందేమోనని భయం.

"కత నువ్వే కట్టినావు అనుకుందాం. మరి ఈయన కాళ్ళు? ఆ గోడ?"

"గోడకేం. రేగడి నేల ఎండకు నోరు తెరిస్తే గోడ పగలకుండా ఉంటాదా? ఈ వరసలో పగలని గోడ ఒకటి సూపియ్యి."

ఉరుకుందమ్మ మెల్లగా తన ఇంటి గోడ వైపు చూసి తల తిప్పుకుంది.

"కాళ్ళ సంగతి నాకు తెలీదు," అంది రంగమ్మ. "కానీ ఆ మన్ను మనిషిని తినదు. నన్ను తిననీ సూద్దాం." చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుంది. "మా వాళ్ళు మగ్గాలొదిలి సేద్యానికి పోయినారు గానీ, నేను పెండ్లికి ముందర నేసినదాన్నే."

వద్దు వద్దంటుంటేనే మగ్గం గుంత అంచున కూర్చుని కాళ్ళు లోపలికి వేసింది. భీమక్క అప్రయత్నంగా దేవుడి పటం వైపు చూసింది. రంగమ్మ కాళ్ళు ఆడించింది. ఇంకొంచెం ఆడించింది. తర్వాత వంగి గుంతలోకి చూసింది.

"ఎవరు తవ్వినారప్పా ఈ గుంత? మనుషులకా, ఒంటెలకా?"

"ఏమైంది అత్తా?" అన్నాడు శంకరన్న.

"తొక్కే కర్రలు యాడో పాతాళంలో ఉండాయి. నా కాళ్ళు అందడంలే. అంచేమో తొడల కింద కోసుకుంటాంది. అల్లుడా, నువ్వూ నా అంతే పొట్టి గదా. ఇట్లనే యాలాడేసుకోని నేసినావా ఇన్నాళ్ళు?"

శంకరన్న భార్య వైపు చూశాడు, ఆమె కొడుకు వైపు చూసింది. వీరేష్ తాటిచెట్టంత మనిషి. అతని మొహం మెల్లగా ఎర్రబడింది.

"గుంత తవ్విన పొద్దు నాయన ఆదోనికి పోయిండె," అన్నాడు. "కొలతకు నన్ను దిగమన్నారు. దిగినా."

"నువ్వు దిగినావా!" అంది భీమక్క.

"మగ్గంలో కూసునేది నాయన అని తట్టలేదు మా. గుంత అంటే గుంతే అనుకున్నా."

నేసేవాడి కాలు కొలతకు గుంత తవ్వాలని ఎమ్మిగనూరులో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. ఇద్దరు నేతగాళ్ళున్న ఇంట్లోనే ఒకడి గుంతలో ఇంకొకడిని కూర్చోబెట్టారు. పొద్దుట్నుంచి మాపటిదాకా అంచు మీద తొడలు నొక్కుకుని కాళ్ళు వేలాడదీస్తే తిమ్మిరి రాక ఏమొస్తుంది? శంకరన్నకు ఇన్నాళ్ళూ అనుమానం రాకపోవడానికి కారణం ఒకటే. కొత్తింట్లో కొత్త మగ్గం, కొన్నాళ్ళకు అలవాటవుతుందిలే అనుకున్నాడు. ఆయన దేనికీ గొణగడు. ఆ మంచితనమే ఇంతదాకా తెచ్చింది.

మాదన్నే లేచి ఇంటి వెనకాల పడున్న సెంట్రింగు చెక్కలు తెచ్చాడు. తవ్వడానికి వచ్చిన మనిషి గుంతలో చెక్కలు పరిచి, తొక్కే కర్రలు పైకి లేపి కట్టాడు. అంచు మీద పాత దుప్పటి మడత పెట్టారు. శంకరన్న భయపడుతూనే దిగి కూర్చున్నాడు.

దారం మోసే నాడె అటు పోయింది. ఇటు వచ్చింది. మళ్ళీ పోయింది.

ఆ చప్పుడు ఇంట్లో వినబడి ఎన్నాళ్ళయిందో అందరికీ గుర్తొచ్చింది. సంధ్య గోడకు ఆనుకుని నిలబడి ఆయన కాళ్ళే చూస్తోంది. చాలాసేపు నేశాక శంకరన్న తలెత్తాడు.

"తిమ్మిరి రాలేదే," అన్నాడు.

భీమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నాళ్ళుగా ఆమె ఒక్కసారి కూడా ఏడవలేదు. అరిచింది, తిట్టింది, మొక్కులు మొక్కింది, ఏడవలేదు. ఇప్పుడు భుజాలు కదిలేలా ఏడ్చింది. "మీకేమన్నా అవుతాదేమోనని నేను రేయింబగళ్ళు సచ్చిపోయినా," అని మొగుణ్ణే గట్టిగా కసిరింది. ఆయన నవ్వాడు. మళ్ళీ నాడె విసిరాడు.

భీమక్క కళ్ళు తుడుచుకుని బీరువా దగ్గరికి పోయి, ఆకుపచ్చ సంచిలోంచి ఒక్కో చీరా తీసి అరలో పెట్టసాగింది. అన్నిటికంటే పైన సంధ్య పెళ్ళిచీర పెట్టింది. సంధ్య అది చూసింది. పోయి అత్త పక్కన కూర్చుని రెండో చీర తను అందుకుంది. ఇద్దరూ కలిసి సంచి ఖాళీ చేశారు.

శివశంకర్ కడ్డీలు గుడ్డలో చుట్టుకుంటున్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అనలేదు. సంతోషంలో ఉన్న ఇల్లు ఎవర్ని తిడుతుంది? గడప దాకా పోయినవాడు ఆగి, వెనక్కి తిరిగాడు.

"అవ్వా, ఒక మాట. నీ కత మొదలైనప్పటి నుంచి ఆ సేన్లో ఎవరూ రాళ్ళు ఏరలేదా?"

"కాలు పెడితే గదా ఏరేది," అంది రంగమ్మ బుడ్డలు ఒలుస్తూ.

"అంటే అన్ని వానలూ ఊరికే పడినాయా? మెత్తమన్ను కొట్టుకుపోయి రాళ్ళు పైకి తేలింటాయి గదా?"

"తేలితే తేలింటాయి. నాకేం ఎరుక?"

"ఈ గదిలో పోసింది... ఆ పైమన్నే గదా?"

నాడె చప్పుడు ఆగిపోయింది.

రంగమ్మ చేతిలో బుడ్డ చేతిలోనే ఉంది. మాదన్న గోడకు ఆనించిన గడ్డపార వైపు చూశాడు. గుమ్మంలో ఉరుకుందమ్మ కనబడలేదు. అప్పుడే పరుగు లాంటి నడకతో వీధి మలుపు దాటుతోంది ఆమె. శంకరన్న తన మగ్గం చుట్టూ ఉన్న నేలను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

పొద్దుట్నుంచి నోరు విప్పడానికి ప్రాణం పోయినంత పని చేసిన వీరేష్ అప్పుడు మాత్రం చక్కగా మాట్లాడాడు.

"నాయనా, రవంత లేస్తావా? ఊరికే, ఒక్క మూల సూద్దాం."

"అమ్మీ సంధ్యా," అంది భీమక్క బీరువా ముందు నుంచి, గొంతులో తేనె పోసుకుని. "పిండి జల్లెడ యాడ పెట్టినావే?"

సంధ్యకు ఒళ్ళు మండింది. మండుతూనే నవ్వొచ్చింది. ఇంతసేపూ పట్టుకున్న ఏడుపంతా ఆ నవ్వులో కొట్టుకుపోయింది. శంకరన్న బుద్ధిమంతుడిలా కొడుకు చెప్పాడని గుంతలోంచి లేవనే లేచాడు. ఆయన అలా లేవగానే ఆమె ఇలా పోయి ఆ చోట్లో కూర్చుంది.

"లేయ్యే, ఊరికే సూస్తాం," అన్నాడు వీరేష్.

"లేసేది లేదు. శని ఉందని తవ్వుతామంటే వద్దంటి. వజ్రం ఉందంటాండారు, ఇప్పుడూ వద్దనే అంటాండా. ఈ నేల దిమ్మిస కొట్టింది నేను, అలికింది నేను. తవ్వాలంటే నన్ను గూడ ఆ సంచిలో కట్టి బయట పెట్టి తవ్వుకోండి."

భీమక్క ఖాళీ సంచి వైపు చూసింది. చూపు దించుకుంది.

"అట్ల సెప్పు పాపా," అని రంగమ్మ పకపకా నవ్వింది. నవ్వి, వీధిలోకి చెవి పెట్టి, మెల్లగా నవ్వు మానేసింది. "భీమక్కా, తలుపెయ్యి."

వీధి మలుపు దగ్గర ఏదో గలభా. తట్టలు, గిన్నెల చప్పుడు. అందరి కంటే ముందు ఉరుకుందమ్మ గొంతు. భీమక్క తలుపు వైపు పరుగెత్తింది. వేయడానికో, తీయడానికో ఆమెకే తెలిసినట్టు లేదు.

సంధ్య కదలలేదు. మగ్గం పట్టుకుని గట్టిగా కూర్చునేసరికి కాలు చెక్క మీంచి జారి, పొద్దున మాదన్న దెబ్బకు గుంతలో పడి చెక్క పక్కన ఇరుక్కున్న మట్టిపెడ్డ మీద పడింది. పెడ్డ పొడిగా చితికింది. అందులోంచి ఏదో చిన్నది, కోసుగా, చల్లగా బొటనవేలి కింద గుచ్చుకుంది.

వట్టి రాయే అయ్యుండొచ్చు. తుగ్గలి చేలల్లో రాళ్ళకేం కరువు?

వీరేష్ ఆమె మొహంలోకే చూస్తున్నాడు. సంధ్య వంగి చూడలేదు. కాలూ తీయలేదు.